గులాబీ రంగు మిగిలిన మేర

మా లోయలో ఏటికి చేపల్లేవు.
కొండ కడుపులో గంధకం మరిగి
పుల్లబడిన నీళ్ళు.
మేకు వేస్తే పది రోజులకి దారమవుతుంది,
ఇంకో నాలుగు రోజులకి మాటవుతుంది.

ఒనొదెరా గారు ఒక చుక్క నాలిక్కి తాకించుకుని
"ఇవాళ ఒకటీ ముప్పావు" అంటారు.
మీటర్ పెడితే ఒకటీ డెబ్బై మూడు.
నలభై ఏళ్ళ సర్వీసు,
ఆయన ముందుపళ్ళు రెండూ అరిగి పొట్టివయ్యాయి.

ఇరవై ఎనిమిది రోజులకోసారి
కాంక్రీటు దిమ్మెల్ని పంజరంతో సహా
ఏట్లోంచి లాగడం నా పని.
అరచెయ్యంత దిమ్మెలు, ముప్ఫై ఆరు.
ఒక్కోదానిదీ ఒక్కో వంట:
కొన్నిట్లో ఇనప చిట్టెం, కొన్నిట్లో బొగ్గు బూడిద,
ఒకదాంట్లో ఏమీ లేదు, ఉత్త సిమెంటు.
అది పాపం
పోల్చి చూడ్డానికే పుట్టింది.

పైన తేరిన తెల్లటి మీగడని బ్రష్షుతో తోమాలి.
గట్టిగా తోమితే ఆసిడ్ చెయ్యని నేరం దానికి అంటగట్టినట్టు,
మెల్లగా తోమితే చేసింది దాచినట్టు.
మొదటి ఏడాదంతా ఆయన నాకు తోమడమే నేర్పారు.
ఆ తర్వాతే తూకం.
రెండువేల మూడువందల నలభై గ్రాములతో దిగింది
ఆరు నెలలకి రెండువేల నలభై.
సిమెంటు వెళ్ళిపోయి గులకరాళ్ళు
చిగుళ్ళు జారిన పళ్ళలా బయటపడ్డాయి.

కిందటి వసంతంలో పాత వంతెన కూల్చారు.
మూడో స్తంభంలోంచి గుండ్రంగా కోసి తెచ్చిన ముక్క
ముప్ఫై ఏడో నంబరై పంజరంలో చేరింది.
దాన్ని పోసిందెవరో ఆయనకి తెలీదనుకుంటాను.

మా నాన్న తోకుజో.
ఆ ఏడు కొండచరియ పడి దారి తెగింది, కంకర లారీలు రాలేదు.
పక్క గుట్టలో సున్నపురాయి కొట్టించి కలిపాడు.
"ఆసిడ్ ఏట్లో సున్నపురాయా?
వానలో ఉప్పుగోడ కడతావా?"
ఇన్‌స్పెక్టర్ కూలీలందరి ముందూ అరిచాడట.
ఉద్యోగం పోయింది.
నాన్న బస్సు నడిపాడు,
రోజుకి ఆరుసార్లు ఆ వంతెన మీంచే.
మూడో స్తంభం దగ్గర గేరు మార్చేవాడు
అక్కడ ఎత్తూ లేదు, పల్లమూ లేదు.

రంపం నీళ్ళు చిమ్ముకుంటూ
ముప్ఫై ఏడుని రెండు చేసింది.
కోసిన ముఖం మీద ఫినాఫ్తలీన్ చల్లాను.
ఆసిడ్ చేరిన చోట రంగు రాదు.
సిమెంటు ఇంకా సిమెంటుగా ఉన్న చోట
గులాబీ.

ముందు ఏమీ లేదు, తడి బూడిద రంగు.
ఫ్యాను చప్పుడు.
తర్వాత నడిమధ్యన మొదలై
అంచులకేసి పాకింది, పాకింది,
ఇక ఆగుతుందనుకున్న చోట ఆగలేదు.
స్కేలు పెట్టాను. ఆసిడ్ లోపలికెళ్ళింది
నాలుగు మిల్లీమీటర్లు.
ఉత్త సిమెంటు దిమ్మెలో పదకొండు.

అంచు వెంబడి సున్నపురాళ్ళు ఉండాల్సిన చోటల్లా
గుంటలున్నాయి, రాళ్ళు లేవు.
ఆసిడ్ ఆకలి ముందు వాటి మీద పడింది.
నురగలు కక్కుకుంటూ, కరుగుతూ, దాని పదును విరిచి
వెనకున్న సిమెంటుకి గడువిప్పించాయి.
చచ్చినా చావని పులుపంటారే
అది చచ్చింది, ఈ గుంటల్లో.

ఒనొదెరా గారు భూతద్దం దించలేదు చాలాసేపు.
నా మాట నా నోట్లోనే ఉంది.
"ఒక్క ముక్కతో ఏమీ తేలదు" అన్నారు చివరికి.
"ఇంకో మూడు పోద్దాం.
ఈ రాయి ఎక్కడ దొరుకుతుందో నీకేమైనా తెలుసా?"
తెలుసన్నాను.
ఎలా తెలుసని ఆయన అడగలేదు.

రిజిస్టరులో రాయి రకానికి గడి ఉంది,
నీళ్ళ పాలుకి ఉంది, తేదీకి ఉంది.
పోసినవారికి లేదు.
గీత గీసి కొత్తది చేర్చొచ్చు.
చేర్చలేదు.

రంగు వెలవకముందే ఫోటో తియ్యమన్నారు.
రెండు తీశాను.
ఒకటి, స్కేలు పక్కన పెట్టి.
ఇంకోటి, నా బొటనవేలు పెట్టి.